పాతబస్తీకి గంట చాలదు

సెలవులు దగ్గరపడగానే మా చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. అందులో ఉండేది క్లుప్తంగా ఇదీ: "హైదరాబాద్ వెళ్తున్నారా? పాతబస్తీకి టైమ్ పెట్టుకోకండి. చార్మినార్ ముందు ఫోటో దిగి రావడానికి గంట చాలు. తినడానికి బిర్యానీ తప్ప ఏమీ ఉండదు, శాకాహారులైతే పస్తే. రోడ్డు మీద తింటే కడుపు పాడవుతుంది. ఆడవాళ్ళతో, పిల్లలతో తిరిగే చోటు కాదు. లాడ్ బజార్‌లో అమ్మేవన్నీ ప్లాస్టిక్ గాజులే. అసలు అక్కడ మన తెలుగువాళ్ళది అంటూ ఏముంది?"

ఇది చదివి మా తోడికోడలు వాళ్ళు ప్లానే మార్చేసుకున్నారు. మేం మాత్రం రాజమండ్రి నుంచి ఆరుగురం వెళ్ళి, రెండు రోజులు అక్కడే తిరిగి వచ్చాం: అత్తయ్య, మామయ్యగారు, మేమిద్దరం, పిల్లలిద్దరూ. నాకు అర్థమైనంతవరకు, ఆ మెసేజ్ రాసినాయన ఏ ఆదివారం సాయంత్రమో అయిదింటికి కారులో వెళ్ళుంటాడు. పాతబస్తీ పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా, రాత్రి ఇంకోలా ఉంటుంది. ఒక్క వేళ చూసి తీర్పు చెప్పడం అన్యాయం. ఒక్కో మాటా తీసుకుని జవాబు చెప్తాను.

"గంట చాలు" అన్నది ముందు. మేం మదీనా దగ్గర ఆటో దిగి నడక మొదలుపెట్టాం. అక్కడికి దగ్గర్లోనే బాద్షాహీ ఆషుర్‌ఖానా ఉంది, మొహర్రం సంతాప సభలు జరిగే చోటు. చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షాయే దీన్నీ కట్టించాడు. గోడల మీద పసుపు, నీలం, ఆకుపచ్చ పెంకు పలకల పనితనం చూస్తుంటే కళ్ళు తిప్పుకోలేం. కిందిభాగం మాత్రం రంగులు వేసినట్టుగా వేరేగా ఉంటుంది. 1908లో మూసీకి వచ్చిన వరదలో అసలు పలకలు దెబ్బతింటే తర్వాత రంగులతో సరిచేశారు. మా పెద్దవాడు ఎక్కడిదాకా అసలు పలకలు, ఎక్కడి నుంచి రంగు అని వేలితో గీత గీసి చూపించాడు. గోడను తాకలేదు, గాల్లోనే. వరద ఎంత ఎత్తు వచ్చిందో నేను వివరించాల్సిన పని లేకుండా వాడికే తెలిసింది. ఒక్క ఆ గోడ దగ్గరే మాకు అరగంట పట్టింది.

అక్కడి నుంచి పత్తర్‌గట్టి మీదుగా చార్ కమాన్, ఆ నాలుగు కమానుల నడుమ గుల్జార్ హౌజ్ అనే పాత ఫౌంటెన్, ఆ తర్వాత చార్మినార్. 1591లో కట్టిన ఆ కట్టడానికి గడియారాలు పెట్టింది 1889లో. లోపల ఒక కమాను మీద చిన్న పిల్లి తల చెక్కి ఉంటుంది. పిల్లలకు "అది కనిపెట్టండి" అని చెప్పండి, మీకు కాసేపు విశ్రాంతి దొరుకుతుంది. పక్కనే మక్కా మసీదు. 1617లో మొదలుపెడితే పూర్తయ్యేసరికి 1694 అయింది, మధ్యలో రాజ్యమే మారిపోయింది. ఇంకాస్త నడిస్తే నిజాముల చౌమహల్లా ప్యాలెస్. అక్కడ ఖిల్వత్ దర్బారు హాలు, షాండ్లియర్లు, పాత కార్లు చూడాలంటేనే రెండు గంటలు కావాలి. చౌమహల్లా, సాలార్ జంగ్ మ్యూజియం రెండింటికీ శుక్రవారం సెలవు, అది గుర్తుంచుకోండి.

ఇక తిండి. "బిర్యానీ తప్ప ఏమీ లేదు, శాకాహారులకు పస్తే" అనేది నాకు బాగా కోపం తెప్పించిన మాట. మా అత్తయ్య ఉల్లిపాయ తింటారు గానీ, మాంసం వండిన వంటింట్లో వండినదేదీ ముట్టరు. ఆవిడ కోసమే నాకు టెన్షన్. పొద్దున ఏడున్నరకు గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ బండి ముందు నిలబడ్డాం. పెనం నిండా దోసెలు. దోసె మీద ఉప్మా వేశాడు, వెన్న ముద్ద వేశాడు, ఉల్లి, టమాటా, కారప్పొడి చల్లి, గరిటెతో దోసె మీదే అన్నిటినీ నలిపి పరిచాడు. వెన్న కరిగి అంచుల దాకా పాకుతుంటే, దోసె ఎర్రబడుతుంటే, చుట్టూ ఉన్నవాళ్ళు ప్లేట్లు పట్టుకుని కాచుకుని ఉన్నారు. అత్తయ్య ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, "దోసెలో ఉప్మా ఏమిటే అనుకున్నాను, బావుందే!" అని రెండోది చెప్పించారు. ఆ చుట్టుపక్కల తరతరాలుగా మార్వాడీ వ్యాపారుల కుటుంబాలు ఉన్నాయి. పూరీలు, కచోరీలు, జిలేబీ అమ్మే అచ్చమైన శాకాహారం దుకాణాలు ఆ వీధుల్లో ఉన్నాయి. మరి పస్తు ఎక్కడిది?

మాంసాహారులకైనా బిర్యానీ ఒక్కటే కాదు. రాత్రంతా సన్నటి సెగ మీద ఉడికిన నిహారీ అనే మాంసం పులుసు తెల్లవారుజామున తింటారు. ఆ పేరుకు మూలమైన అరబ్బీ మాట నహార్ అంటేనే పగలు. తొమ్మిది దాటాక వెళ్తే గిన్నె అడుగు కనిపిస్తుంది. దానితో పాటు నాలుగు మూలల చార్‌కోనీ నాన్, తందూరు గోడ నుంచి ఊడదీసి వేడిగా చేతిలో పెడతారు. ఖీమా కూరిన చదరపు లుఖ్మీ, మేక కాళ్ళతో చేసే పాయా, రంజాన్ నెలలో హలీం. ఆ హలీంకి 2010లోనే జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సొంతమని ఇచ్చే ముద్ర, వచ్చింది. బగారా బైంగన్ అయితే చూడగానే మనదే అనిపిస్తుంది: పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి, చింతపండు. మామయ్యగారికి హోటల్ పట్టింపులు లేవు. తిని, "మన గుత్తొంకాయకు దగ్గరి చుట్టం" అన్నారు. చార్మినార్ నీడలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ సంగతి అందరికీ తెలిసిందే. ఒక్కటే చెప్తాను. బిస్కెట్ ముంచి రెండు క్షణాల్లో తీసేయాలి, లేదంటే సాసర్లో వెతుక్కోవాలి. డికాక్షన్ ఒక పక్క మూతబిగించి మరుగుతుంటుంది, చిక్కటి పాలు ఇంకో పక్క. కప్పులోనే రెండూ కలుస్తాయి. ఆ రుచి అందుకే వేరు.

"కడుపు పాడవుతుంది" అన్నదాన్ని కొట్టిపారేయను. చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు ఉన్నప్పుడు జాగ్రత్త పడాల్సిందే. కానీ అది పాతబస్తీకి మాత్రమే చెప్పాల్సిన మాట కాదు, ఏ ఊరి బండికైనా వర్తిస్తుంది. మేం పెట్టుకున్న నియమం ఒకటే: కళ్ళెదుట వేడిగా తయారై, జనం ఆగకుండా కొంటున్నదే తిన్నాం. కోసి పెట్టిన పళ్ళు, ఐసు వేసిన జ్యూసులు వద్దన్నాం, నీళ్ళు వెంట తీసుకెళ్ళాం. ఆరుగురిలో ఎవరికీ ఏమీ కాలేదు.

ఆడవాళ్ళు తిరిగే చోటు కాదట! లాడ్ బజార్‌లో కొనేవాళ్ళలో నూటికి తొంభై మంది ఆడవాళ్ళే అనిపించింది నాకు. పెళ్ళికూతుళ్ళు, వాళ్ళ అమ్మలు, పిన్నులు, చంకల్లో పిల్లలు. సాయంత్రం రద్దీలో పర్సు, ఫోన్ జాగ్రత్త, పిల్లల చెయ్యి వదలొద్దు. అంతకు మించి భయపడాల్సింది మాకు కనబడలేదు.

ఆ బజార్లో ప్లాస్టిక్, మెటల్, గాజు, అన్నీ అమ్ముతారు, నిజమే. కానీ "అన్నీ ప్లాస్టిక్కే" అనేవాళ్ళు ఆ పని చేసే చేతులను ఒక్కసారి చూడాలి. ఒక సందులో చిన్న దుకాణం ముందు ఆగాం. కుంపటి మీద లక్క ముద్ద మెత్తబడుతోంది. దాన్ని చెక్కతో నొక్కి దొర్లించి సన్నటి కడ్డీలా చేశాడు, గుండ్రంగా వంచి రెండు కొనలు అతికాడు. ఇంకా వేడిగా, మెత్తగా ఉండగానే మెరిసే రాళ్ళు ఒక్కొక్కటే తీసి పొదగడం మొదలుపెట్టాడు. వరస తప్పకుండా, తల ఎత్తకుండా. లక్క చల్లబడితే మళ్ళీ సెగకు చూపిస్తాడు. మా చిన్నది రాళ్ళు లెక్కపెడుతూ నలభై దగ్గర మర్చిపోయింది. "వేళ్ళు కాలవా బాబూ?" అని అత్తయ్య అడిగితే, "అలవాటైపోయిందమ్మా, చిన్నప్పటి నుంచి ఇదే పని" అన్నాడాయన నవ్వుతూ. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. రోజంతా కుంపటి ముందు కూర్చునే ఇలాంటివాళ్ళకే దక్కాల్సిన గౌరవం అది. పెద్ద దుకాణంలో బేరం ఆడక తప్పదు. అక్కడ 800 చెప్పిన జత నేను 450కి తెచ్చుకున్నాను. ఆ సందులో ఆయన దగ్గర మాత్రం బేరం ఆడబుద్ధి కాలేదు.

చివరి ప్రశ్న నన్ను నిజంగా బాధపెట్టింది. మనదేముంది అని ఎలా అడగగలం? మహమ్మద్ కులీ తండ్రి ఇబ్రహీం కుతుబ్ షాను మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. పొన్నగంటి తెలగన్న అచ్చతెలుగులో తొలి కావ్యం రాసి అంకితమిచ్చింది ఆ కాలపు గోల్కొండ అధికారి అమీన్ ఖాన్‌కే. హరిబౌలిలో అక్కన్న మాదన్నల పేరుతో గుడి ఉంది. తానీషా మంత్రులు వాళ్ళు, మన రామదాసుకు మేనమామలు. ఆషాఢంలో ఆ గుడి ఘటం ఏనుగు మీద ఊరేగుతుంది, లాల్ దర్వాజా సింహవాహిని అమ్మవారికి బోనాలు కదులుతాయి. మొహర్రంలో ఆ వీధుల్లోనే బీబీ కా ఆలం అనే పవిత్ర పతాక చిహ్నం కూడా ఏనుగు మీదే వెళ్తుంది.

మెసేజ్‌లో లేని నిజం ఒకటి ఉంది, అది నేనే చెప్తాను: పార్కింగ్ నరకం. చార్మినార్ చుట్టూ బళ్ళు రానివ్వరు, కారు తెస్తే సగం పూట దానికే పోతుంది. మేం మెట్రోలో ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దగ్గర దిగి ఆటో ఎక్కాం. పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా తిండి, నడక. తొమ్మిదిన్నరకు చార్మినార్ తెరవగానే లోపలికి. పదింటికి తెరిచే చౌమహల్లాకు ఎండ ముదరకముందే చేరిపోయాం. గాజుల దుకాణాలు నిదానంగా తెరుస్తారు కాబట్టి లాడ్ బజార్ రెండో రోజు సాయంత్రానికి ఉంచుకున్నాం. ఈ వేళలన్నీ ఒక కాగితం మీద రాసి మా తోడికోడలికి పంపాను. దసరాకి వెళ్తున్నారట.