మందిరపు సీలింగు ఫ్యాను గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఫ్యాను గారికి,

ప్రభువు నామమున వందనములు. మా మందిరంలో వేదికకు కుడివైపున రెండవ వరుస మీద వేలాడుతున్న మీకు ఈ లేఖ రాయడానికి కారణం, మత్తయి సువార్త 6వ అధ్యాయాన్ని మా సంఘంలో మీరొక్కరే సరిగా ఆచరిస్తున్నారని నాకు గట్టి నమ్మకం కలగడమే. ధర్మం చేసేటప్పుడు కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని అక్కడ రాసి ఉంది. మీకు చేతులు లేవు, మూడు రెక్కలున్నాయి. మొదటిదాని మీద ‘దానము చేసినవారు’ అనీ, రెండవదాని మీద దాత పేరూ, మూడవదాని మీద ఆయన చేసి విరమించిన ఉద్యోగమూ ఎర్రరంగుతో రాసి ఉన్నా, మీరు తిరగడం మొదలుపెట్టాక ఒక రెక్క సంగతి మరొక రెక్కకు గాని, కింద కూర్చున్న మాకు గాని బొత్తిగా తెలియదు.

చిక్కంతా కరెంటు పోయినప్పుడే. మొన్న ఆదివారం పాస్టరు గారు సరిగ్గా ఆ అధ్యాయమే తీసి, వేషధారుల్లా నీ ముందర బూర ఊదింపవద్దన్న మాట దగ్గరకు రాగానే కరెంటు పోయింది, దానితోపాటు మైకూ పోయింది. మీరు నెమ్మదించారు. సంఘమంతా తలలెత్తి, ఒక్కొక్క అక్షరమే బయటపడుతుంటే కూడబలుక్కుని చదివింది. (బూర సంగతి వచ్చింది కనుక చెబుతున్నాను: కానుకల పెట్టె పక్కన కొత్తగా పెట్టిన స్పీకరు, ఫోనుతో స్కాన్ చేసి పంపిన మొత్తాన్ని పైకి చదువుతోంది. బూరకు ఇంతకంటే మంచి అనువాదం ఇంతవరకు రాలేదు.)

మా అమ్మ ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి పూటపూటా పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసి, ఆదివారం తెచ్చి మందిరంలోని గోతాంలో కుమ్మరించేది. ఆ తరువాత ఏ గింజ ఎవరిదో అయ్యగారికి కూడా తెలిసేది కాదు. బియ్యపు గింజ మీద పేరు రాయగల పెయింటరు మా ఊళ్లో లేకపోవడమే అందుకు కారణమని నా అనుమానం. మార్కు సువార్త 12వ అధ్యాయంలో రెండు కాసులు వేసిన బీద విధవరాలి పేరును సువార్తికుడు సైతం రాయలేదు. యెరూషలేము దేవాలయంలో అప్పటికి ఫ్యాన్లు లేవు మరి.

చివరిగా ఒక మనవి. క్రిస్మస్‌కు సున్నాలు వేసేటప్పుడు మిమ్మల్ని ఎలాగూ కిందికి దించుతారు. రెండవ రెక్క మీది ఇంటిపేరులో పెయింటరు ఒక దీర్ఘం ఎగరగొట్టాడు. మూడేళ్లుగా కరెంటు పోయిన ప్రతిసారీ అది నా కంట్లోనే పడుతోంది. మొన్నటి ప్రసంగం విన్నాక పాస్టరు గారిని అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు.

ఇట్లు,
మీ రెండవ రెక్క