ఈఐఎన్ వచ్చినంత మాత్రాన పన్ను మినహాయింపు వచ్చినట్టు కాదు

అమెరికాలోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ సలహా పదేపదే ఫార్వర్డ్ అవుతుంటుంది: “సేవాసంస్థ పెట్టడం ఒక పూట పని. స్టేట్‌లో రిజిస్టర్ చేయించి ఈఐఎన్ (సంస్థ గుర్తింపు నంబరు) తెచ్చుకుంటే పన్ను ఉండదు. ఏడాదికి 50,000 డాలర్లు దాటనంతవరకు ఐఆర్‌ఎస్‌కి (అమెరికా పన్నుల శాఖకి) ఏమీ పంపక్కర్లేదు. దాతకు బ్యాంకు స్టేట్‌మెంటే రసీదు. పోగైన డబ్బు మన ఊరి బడి కమిటీ ఖాతాలో వేసేయొచ్చు.” మంచి మనసుతో మొదలుపెట్టినవాళ్లు కూడా దీన్ని నమ్మి ఇబ్బందుల్లో పడుతున్నారు.

మొదటి మాట చూద్దాం. స్టేట్ ఇచ్చేది కార్పొరేషన్ హోదా మాత్రమే. ఈఐఎన్ ఒక నంబరు, కిరాణా కొట్టుకూ ఇస్తారు. సేవాసంస్థలకు వర్తించే పన్ను చట్టం సెక్షన్ 501(సి)(3) కింద మినహాయింపును ఖాయం చేసేది ఐఆర్‌ఎస్ ఇచ్చే డిటర్మినేషన్ లెటర్ (నిర్ధారణ పత్రం). దానికోసం ఫారం 1023 ఆన్‌లైన్‌లో వేయాలి, రుసుము 600 డాలర్లు. గడిచిన 3 ఏళ్లలోనూ రాబోయే 3 ఏళ్లలోనూ ఏ ఏడాదీ రాబడి 50,000 డాలర్లు మించకుండా, ఆస్తులు 2.5 లక్షల డాలర్లలోపు ఉంటే 275 డాలర్లతో దాని చిన్న రూపం 1023-ఈజెడ్ వేయొచ్చు. గుడికి మాత్రం ఈజెడ్ కుదరదు. ప్రార్థనా మందిరాలకు, మామూలుగా 5,000 డాలర్లలోపు రాబడి ఉండే చిన్న సంస్థలకు దరఖాస్తు తప్పనిసరి కాదన్నది నిజమే. కానీ లెటర్ చూపించలేకపోతే కంపెనీల మ్యాచింగ్ విరాళాలు (ఉద్యోగి ఇచ్చినదానికి జతగా కంపెనీ ఇచ్చేవి) రాబట్టడం కష్టం.

దరఖాస్తు కంటే ముందు ఆర్టికల్స్ ఆఫ్ ఇన్‌కార్పొరేషన్ (స్టేట్‌కు ఇచ్చే సంస్థ స్థాపన పత్రం) సరిచూసుకోండి. సంస్థ పనిచేసేది ధర్మకార్యాలకే అన్న ఉద్దేశం, మూతపడితే మిగిలిన ఆస్తి మరో 501(సి)(3) సంస్థకో ప్రభుత్వానికో చేరుతుందన్న షరతు రెండూ అందులో ఉండాలి. లేకపోతే స్టేట్‌కు మళ్లీ రుసుము కట్టి సవరించుకోవాలి. సంస్థ ఏర్పడిన నెలాఖరు నుంచి 27 నెలల్లోపు దరఖాస్తు చేస్తే మినహాయింపు పుట్టిన తేదీ నుంచే వర్తిస్తుంది. ఆలస్యమైతే దరఖాస్తు తేదీ నుంచే.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఆ 50,000 మాట. ఆ హద్దులోపు ఉన్నవాళ్లు పెద్ద ఫారం వేయనక్కర్లేదు, అంతే. ఏటా 990-ఎన్ అనే చిన్న ఫారం ఐఆర్‌ఎస్‌కు వేయాల్సిందే. క్యాలెండర్ సంవత్సరం పాటించే సంస్థకు గడువు మే 15. పేరు, చిరునామా, ముఖ్య బాధ్యుడి వివరాలు నింపితే చాలు, పైసా ఖర్చు లేదు. అయినా వరసగా 3 ఏళ్లు వేయకపోతే హోదా దానంతటదే రద్దవుతుంది, అప్పీలుకు తావు లేదు. 2011 జూన్‌లో ఐఆర్‌ఎస్ ప్రకటించిన మొదటి జాబితాలో దాదాపు 2.75 లక్షల సంస్థలున్నాయి! ఈఐఎన్‌కు దరఖాస్తు చేయగానే సంస్థ ఏర్పడిందని ఐఆర్‌ఎస్ భావిస్తుంది, 3 ఏళ్ల లెక్క అక్కడే మొదలవుతుంది. అందుకే రిజిస్ట్రేషన్ కాకముందే నంబరు తెచ్చి పెట్టుకోకూడదు.

990-ఎన్ వేయడం ఎక్కువగా తప్పేది కార్యవర్గం మారినప్పుడు. లాగిన్ పాత కోశాధికారి దగ్గర, ఉత్తరాలు పాత అధ్యక్షుడి ఇంటికి. బాధ్యుడు మారిన 60 రోజుల్లోపు ఆ మార్పు తెలిపే ఫారం 8822-బి ఐఆర్‌ఎస్‌కు పంపాలి. రద్దయినవాళ్లు కూడా 15 నెలల్లోపు మేలుకుంటే, 990-ఎన్ లేదా 990-ఈజెడ్ (పూర్తి 990 కంటే చిన్న ఫారం) వేసే స్థాయి సంస్థే అయి, ఇదే మొదటి రద్దయితే, మళ్లీ దరఖాస్తు చేసి పాత తేదీ నుంచే హోదా తిరిగి పొందే వీలుంది.

50,000 లెక్క కూడా ఖర్చులు తీసేయకముందుది. ఉగాది టికెట్ల మీద 60,000 వచ్చి, హాలుకు, భోజనాలకు 58,000 పోయినా రాబడి 60,000 కిందే లెక్క. నిలదొక్కుకున్న సంస్థకు 3 ఏళ్ల సగటు చూస్తారు. అది హద్దు దాటితే 990-ఈజెడ్, స్థూల రాబడి 2 లక్షలకో ఆస్తులు 5 లక్షలకో చేరితే పూర్తి 990.

రసీదు సంగతి. 250 డాలర్లు, ఆపైన ఒకేసారి ఇచ్చిన దాతకు బ్యాంకు స్టేట్‌మెంటు చాలదు. మొత్తమెంతో, బదులుగా ఏమైనా ఇచ్చారో లేదో రాసిన సంస్థ పత్రం కావాలి. 100 డాలర్ల టికెట్‌లో 40 డాలర్ల భోజనం ఉంటే విరాళం 60 మాత్రమే. చెల్లింపు 75 డాలర్లు దాటితే ఆ విషయం దాతకు రాసి చెప్పడం సంస్థ బాధ్యత.

స్టేట్ల సంగతి ఆ మెసేజ్‌లో ఊసే లేదు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ లాంటిచోట్ల విరాళాలు అడగాలంటే విడిగా నమోదు కావాలి. కాలిఫోర్నియాలో ఆస్తి చేతికందిన 30 రోజుల్లోపే చేయాలి.

ఇక ఊరికి డబ్బు పంపడం. విరాళం ఫలానా మనిషికే చేరాలని దాత షరతు పెడితే పన్ను తగ్గింపు పోతుంది. ఎవరికి, దేనికి ఇవ్వాలో సంస్థ బోర్డే నిర్ణయించి, ఖర్చు లెక్కలు తెప్పించుకోవాలి. ఇండియా వైపు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) ఉంది. అమెరికా సంస్థ పంపేది విదేశీ విరాళమే. అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు సొంతంగా ఇచ్చేదీ అంతే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇండియా ఇచ్చేది) ఉన్నా తేడా లేదు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్, లేదా ముందస్తు అనుమతి లేని కమిటీ విదేశీ విరాళం తీసుకోకూడదు. ఉన్న సంస్థ కూడా మొదట ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోనే తీసుకోవాలి. పెద్ద సంస్థకు పంపి అక్కణ్నుంచి బడి కమిటీకి మళ్లిద్దామన్నా కుదరదు, 2020 సవరణ దాన్ని పూర్తిగా ఆపేసింది. కాబట్టి పంపేముందు ఎఫ్‌సీఆర్‌ఏ నంబరు, అది ఎప్పటిదాకా చెల్లుతుందో, ఆ ఢిల్లీ ఖాతా వివరాలు రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఊరి బ్రాంచి సేవింగ్స్ ఖాతా నంబరు పంపితే ఆగిపోండి.