అనుమతి లేని ఆవిష్కరణలకూ ఒక క్రమబద్ధీకరణ పథకం కావాలి

అనుమతి లేని లేఅవుట్లను రుసుము కట్టించుకుని క్రమబద్ధీకరించడానికి మనకు ఎల్‌ఆర్‌ఎస్ ఉంది. అనుమతి లేని అంతస్తుల కోసం బీఆర్‌ఎస్ వచ్చింది (పథకం గురించే చెబుతున్నాను, పార్టీ గురించి కాదు). అయితే కొత్త వ్యాపారాలను సాకే ఏ ఇంక్యుబేటర్ గడపా తొక్కకుండా, ఏ మెంటార్ ఆశీస్సులూ పొందకుండా, ఒక్క స్లయిడైనా చూపకుండా పుట్టుకొచ్చి, పైగా నిక్షేపంలా పనిచేస్తున్న ఆవిష్కరణలను ఏం చేయాలన్నది ఇంతవరకు ఏ ప్రభుత్వమూ తేల్చలేదు. ఈ లోపాన్ని ఇకనైనా సరిదిద్దాలని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఆలోచన వ్యాపారంగా మారడానికి పెద్దలు ఆమోదించిన మార్గం ఒకటుంది. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఉద్యోగులందరినీ ఏసీ గదిలో కూర్చోబెట్టి, తలా ఒక పోస్ట్-ఇట్ కట్ట, అంటే గోడకు అంటించి ఊడదీయగల పసుపు కాగితాలు, ఒక స్కెచ్‌పెన్ను చేతికిచ్చి, ఎంత పిచ్చి ఆలోచన అయినా రాయవచ్చునని అభయమిస్తారు. గంట తిరిగేసరికి గోడ పండగనాటి గడపలా పచ్చబడుతుంది. క్యాంటీన్ టీ బాగాలేదని రాసిన కాగితాన్ని 'ఉద్యోగుల అనుభవం' అనే శీర్షిక కిందికి, జీతాలు పెంచమని రాసినదాన్ని 'దీర్ఘకాలిక లక్ష్యాలు' అనే శీర్షిక కిందికి జరుపుతారు. తర్వాత ఫొటో లింక్డిన్‌కూ కాగితాలు చెత్తబుట్టకూ చేరతాయి, సోమవారం నాటికి కంపెనీలో ఆవిష్కరణ జరిగిపోయినట్టే లెక్క. ఇందులో నష్టభయం లేదు, ఎవరి పనీ మారదు.

ఈ పద్ధతికి పంటి కింద రాయిలా తగిలేది ఆ పసుపు కాగితమే. దాని పుట్టుపూర్వోత్తరాలు ఏమంత పద్ధతిగా లేవు. 1968లో అమెరికాలోని 3ఎం కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ అనే రసాయన శాస్త్రవేత్త గట్టి జిగురు చేయబోతే, అంటించినా తేలిగ్గా ఊడివచ్చే జిగురు తయారైంది. అది దేనికి పనికొస్తుందో తెలియకపోయినా, ఆయన ఏళ్ల తరబడి తోటివారందరికీ దాని గురించి చెబుతూనే ఉన్నాడు. 1974లో ఆర్ట్ ఫ్రై అనే సహోద్యోగికి చర్చి పాటల పుస్తకంలో గుర్తుకు పెట్టుకున్న కాగితాలు జారిపోతుంటే ఆ జిగురు గుర్తొచ్చింది. అలా పుట్టిన అంటుడు కాగితాలను 1977లో కొన్ని నగరాల్లో అమ్మిచూస్తే జనం పెద్దగా కొనలేదు. మరుసటి ఏడాది ఐడహో రాష్ట్రంలోని బోయిసీలో ఉచితంగా పంచిపెడితే, ఒకసారి వాడినవాళ్లు మళ్లీ కావాలన్నారు. అమెరికా అంతటా అమ్మకానికి వచ్చేసరికి 1980 అయింది. మన శుక్రవారం సభలో సిల్వర్ గారే ఉంటే, 'మీరు పరిష్కరిస్తున్న సమస్య ఏమిటి, మార్కెట్ ఎంత' అని అడిగి మొదటి రౌండులోనే ఇంటికి పంపేవారు. ఆ నిర్ణయాన్ని రాసి గోడకు అంటించడానికి కాగితం ఉండేది కాదనుకోండి, అది వేరే సంగతి.

విదేశీయుల మీద మన కమిటీలకు అధికారం లేదు. మన పరిధిలోకి వచ్చే కేసు ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారిది. పోచంపల్లి పద్ధతిలో చీర నేయాలంటే ముందుగా దారాన్ని ఆసు పోయాలి. అంటే ఒక కొసన ఉన్న మేకు నుంచి ఎదురుగా అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల దాకా, చేతిని చాచి, వెనక్కి తెచ్చి, మళ్లీ చాచి దారాన్ని చుట్టుకుంటూ పోవాలి. ఒక చీరకు సుమారు 9,000 సార్లు, రోజుకు రెండు చీరలైతే 18,000 సార్లు చెయ్యి అలా ఆడాలి. తరతరాలుగా ఇది ఇంటి ఆడవాళ్ల పని కాబట్టి, దీనిని సమస్యగా ఎవరూ ఏ కాగితం మీదా రాయలేదు.

బడి మధ్యలోనే మానేసిన మల్లేశం గారు 1992లో ఈ పనికి యంత్రం చేయబూనుకోవడమే మొదటి ఉల్లంఘన. ఆయన చేసిన మార్కెట్ సర్వేలో వినియోగదారు ఒక్కరే, అదీ భుజాల నొప్పితో బాధపడుతున్న కన్నతల్లి. ఇంతకుమించిన బంధుప్రీతి ఉండదు. పెట్టుబడి అప్పుల రూపంలో వచ్చింది. డబ్బు చాలక హైదరాబాద్ వచ్చి పనికి కుదిరాడు. తన యంత్రంలో ఎంతకీ కుదరని చివరి కదలికకు కిటుకు కూడా బాలానగర్‌లో ఒకచోట పనికి వెళ్లినప్పుడు, అక్కడ తిరుగుతున్న మరో యంత్రాన్ని చూసి పట్టాడు తప్ప, నెట్‌వర్కింగ్ విందులో కాదు. 1999లో యంత్రం సిద్ధమయ్యాక చీరకు నాలుగైదు గంటలు పట్టే పని దాదాపు గంటన్నరకు దిగింది. దానికి లక్ష్మీ ఆసు యంత్రమని తల్లి పేరు పెట్టాడు, బ్రాండింగ్ సంస్థను సంప్రదించిన దాఖలా లేదు. ఆవిష్కరణలకు నీడనివ్వడానికి హైదరాబాద్ రాయదుర్గంలో ఐదు లక్షల చదరపు అడుగులకు పైబడిన టి-హబ్ కొత్త భవనం 2022లో గానీ తెరుచుకోలేదు. అంతదాకా ఆగే ఓపిక ఈయనకు లేకపోయింది. ఇన్ని ఉల్లంఘనలు కళ్లెదుట ఉండగా 2017లో పద్మశ్రీ ఇచ్చారు. దానికి పూచీ నాది కాదు.

జరిగిందేదో జరిగింది. ఇప్పుడు మల్లేశం గారు 1992 నాటి తేదీతో పన్నెండు స్లయిడ్ల దరఖాస్తు సమర్పిస్తే పరిశీలించవచ్చు. అందులో 'పెయిన్ పాయింట్' అనే గడిలో భుజం అని రాసినా అంగీకరించాలి. ఏడేళ్లపాటు ఒకే సమస్యను పట్టుకుని వేలాడినందుకు జరిమానా తప్పదు. మనవాళ్లు ఆ వ్యవధిలో మూడు సమస్యలు మార్చి, నాలుగో దానికి అవార్డు కూడా తీసుకుంటారు. అప్పట్లో ఆయనకు పిచ్చి పట్టిందన్నవాళ్ల మాటలను మాత్రం మెంటార్ల అభిప్రాయాలుగా పరిగణించి కొంత రాయితీ ఇవ్వవచ్చు. అన్ని అనుమతులూ ఉండి వస్తువు మాత్రమే లేని సంస్థలు ఈ పథకం కిందికి రావు, వాటిలో క్రమబద్ధీకరించవలసింది ఏమీ లేదు.

ఇక తనిఖీ సంగతి. కమిటీ సభ్యులు యంత్రాన్ని చూసేముందు తలా ఒక చీరకు చేత్తో ఆసు పోసి రావాలని నిబంధన పెట్టాలి. ఆ తర్వాత సంతకానికి చెయ్యి లేవని సభ్యుల నుంచి వేలిముద్ర తీసుకునే వెసులుబాటు కూడా జీవోలోనే చేర్చాలి.