“ఏ క్లే అయినా అచ్చుకు పనికొస్తుంది” అన్నది నిజం కాదు

“ఇంట్లో అచ్చు పోయడానికి ఏ క్లే అయినా ఒకటే. ఎంత మెత్తగా ఉంటే అంత మంచిది. పైన వార్నిష్ స్ప్రే కొడితే ఏ సిలికాన్ అయినా గట్టిపడుతుంది. జిగట మిగిలితే హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) పెంచండి.” ఈ సలహా బాగా తిరుగుతోంది. దీన్ని నమ్మి పోస్తే అచ్చు పోసే ద్రవ రబ్బరైన సిలికానూ పోతుంది, రోజుల తరబడి చెక్కిన నమూనా కూడా పోతుంది. అందుకే ఒక్కో మాటా తీసి చూద్దాం.

“ఏ క్లే అయినా ఒకటే.” అసలు నష్టం ఈ మాటతోనే. నూనె, మైనంతో చేసే క్లేలలో కొన్నింటికి గంధకం కలుపుతారు. చెక్కడానికి అవి చక్కటి సరుకే, నునుపుగా ఉంటాయి, గీసిన గీత నిలుస్తుంది. చిక్కంతా ప్లాటినం రకం సిలికాన్, అంటే ప్లాటినం సాయంతో గట్టిపడేది, పోసినప్పుడు వస్తుంది. గంధకం ఆ ప్లాటినాన్ని పట్టేసి పని చేయనివ్వదు. పైనుంచి చూస్తే అచ్చు గట్టిపడినట్టే ఉంటుంది. తిప్పి చూస్తే క్లేకు తగిలిన వైపు, అంటే నమూనా గీతలు దిగాల్సిన చోటే, జిగురులా సాగుతుంది. లేటెక్స్ గ్లౌజులు తగిలినా ఇదే జరుగుతుంది, వినైల్ గ్లౌజులు వాడండి.

టిన్ (తగరం) సాయంతో గట్టిపడే టిన్ రకం సిలికాన్‌కు గంధకంతో ఇబ్బంది లేదు, కాకపోతే ఆ అచ్చు కాలం గడిచేకొద్దీ ఎక్కువ కుంచించుకుపోతుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌కూ గంధకం అడ్డు కాదు. కాబట్టి ఏది పోస్తారో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే క్లే కొనాలి. ప్లాటినం రకం పోసేట్టయితే “గంధకం లేదు” అని స్పష్టంగా రాసి ఉన్న నూనె క్లేనే తీసుకోండి.

నీటితో కలిపే బంకమట్టి సంగతి వేరు. తడిగా ఉండగానే ప్లాస్టర్ పోస్తే బాగుంటుంది. ఆరనిస్తే సుమారు 5 నుంచి 10 శాతం కుంచించుకుపోయి, పలుచటి చోట్ల పగులుతుంది. తడి మట్టి మీద పాలీయురెథేన్ (ద్రవంగా పోసే ఒక రకం ప్లాస్టిక్) పోస్తే తేమకు బుడగలు పుడతాయి.

“మెత్తగా ఉంటే మంచిది.” రెండు ముక్కల అచ్చులో నమూనాను సగం వరకు పాతిపెట్టే పరుపుకు మెత్తటి క్లే సరే. చెక్కే నమూనాకు మాత్రం గట్టిది కావాలి. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, ఆ వేడికి మెత్తటి నూనె క్లే అంచులు కుంగుతాయి. గట్టి క్లే చేతికి లొంగకపోతే ముక్కలు చేసి డబ్బాలో వేసి, ఆ డబ్బాను వేడినీళ్ల గిన్నెలో ఉంచండి. నేరుగా మంట మీద పెట్టకూడదు.

“వార్నిష్ కొడితే చాలు.” లోతైన గీతల్లోకి స్ప్రే సరిగా దిగదు. పైగా నూనె క్లే కాస్త వంగినా పూత చిట్లుతుంది. పూత లేని ప్రతి చుక్క దగ్గరా జిగట మిగులుతుంది. మందంగా కొడితే సన్నటి గీతలు పూడిపోతాయి. ఇక పెట్రోలియం జెల్లీ అచ్చు ఊడిరావడానికే, గంధకానికి అది గోడ కాదు. సిలికాన్ సిలికాన్‌కు అతుక్కుంటుంది కనుక రెండో సగం పోసే ముందు మొదటి సగం మీద దాన్ని పలుచగా రాయడం మాత్రం మంచి పద్ధతే.

“హార్డెనర్ పెంచండి.” ప్లాటినం రకంలో పాళ్లు ఖచ్చితం, చాలావాటిలో 1:1. ఒక భాగం పెంచినా గంధకం పట్టేసిన ప్లాటినం తిరిగి పని చేయదు, ఎన్ని రోజులు ఆగినా చేయదు. టిన్ రకంలో ఎక్కువ వేస్తే పోయక ముందే బిగుసుకోవడం మొదలై, అచ్చు పెళుసవుతుంది.

ఏ క్లే కొన్నా ముందు పరీక్ష చేయండి. రూపాయి బిళ్లంత క్లే ముక్కను నున్నగా ఒత్తి, దాని మీద 5 గ్రాముల సిలికాన్ కలిపి పోయండి. డబ్బా మీద రాసిన సమయం పూర్తయ్యాక ఊడదీసి, క్లేకు తగిలిన వైపు వేలితో తడమండి. పొడిగా, రబ్బరులా ఉంటే ఆ జత పనికొస్తుంది. వేలికి అంటుకుంటే క్లేనో సిలికాన్‌నో మార్చాలి. గంధకం క్లేకు వాడిన పనిముట్లను తుడవకుండా మరో క్లేకు వాడకండి. గంధకం ఉన్న పాత క్లే ముక్కలను గంధకం లేని కొత్త క్లేలో కలపకండి, కొంచెం కలిసినా మొత్తం ముద్ద పాడవుతుంది.