వాస్కోడగామాకి జేజేలెందుకు?

ఏటా మే 20 వచ్చిందంటే చాలు, మా గ్రూపుల్లో "చరిత్రలో ఈ రోజు" అని ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది. 1498లో వాస్కోడగామా కాలికట్ చేరాడు, తూర్పునీ పడమరనీ కలిపిన మహా సాహసి, కింద రెండు చేతులు జోడించిన ఎమోజీలు. ఈసారి ఊరుకోలేక "ఈయనకి దండం దేనికండీ?" అని అడిగాను. అంతే. సాయంత్రానికల్లా నేను పాశ్చాత్య ద్వేషిని, అభివృద్ధి నిరోధకుణ్ణి, పనీపాటా లేనివాణ్ణి అయిపోయాను. మూడోది కొంత నిజమే కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

ముందుగా ఒక మాట. అతని సాహసాన్ని నేను కాదనను. 1497 జూలై 8న నాలుగు ఓడలు, సుమారు 170 మందితో లిస్బన్ నుంచి బయల్దేరాడు. అట్లాంటిక్‌లో దాదాపు మూడు నెలలు నేల కంటపడలేదు. తిరుగు ప్రయాణంలో ఋతుపవనాల లెక్క చూసుకోకుండా తెరచాప ఎత్తేశాడు. వచ్చేటప్పుడు మూడు నాలుగు వారాల్లో దాటిన అరేబియా సముద్రం, వెళ్ళేటప్పుడు మూడు నెలలు తీసుకుంది. చిగుళ్ళు వాచి, కాళ్ళు ఉబ్బి జనం రాలిపోయారు. నడిపే మనుషుల్లేక ఒక ఓడని వాళ్ళే తగలబెట్టుకున్నారు. బయల్దేరినవాళ్ళలో సగం మంది కూడా ఇల్లు చేరలేదు. ఇంత చేసినవాడు పిరికివాడని ఎవరంటారు?

కాకపోతే ఆ సముద్రం అప్పటికే రద్దీగా ఉంది. ఆఫ్రికా తూర్పు తీరంలో మాలిందిలో దారి తెలిసిన నావికుణ్ణి ఎక్కించుకున్నాకే అతను ఇటు తిరిగాడు. అరబ్బులు, గుజరాతీలు ఎప్పట్నుంచో వాడుతున్న దారి అది. ఆ ప్రయాణంలో ఉన్నవాడే రాసిన దినచర్య ఒకటి మిగిలింది, అందులో ఒక ముచ్చట ఉంది. కాలికట్‌లో దిగిన మొదటి మనిషిని ఊళ్ళోవాళ్ళు ఇద్దరు ట్యునీషియా వర్తకుల దగ్గరికి తీసుకెళ్ళారు. వాళ్ళు స్పెయిన్ భాషలో "నిన్ను దయ్యమెత్తుకుపోను, ఇక్కడికెలా వచ్చావురా!" అన్నారట. అంటే గామా కంటే ముందే అతని భాష అర్థమయ్యేవాళ్ళు అక్కడ దుకాణం పెట్టుకుని ఉన్నారు. "దేనికొచ్చారు?" అంటే "క్రైస్తవుల కోసం, మసాలాల కోసం" అని జవాబు.

తర్వాత కాలికట్ రాజు జామోరిన్‌కి తెచ్చిన కానుకలు చూడండి. చారల గుడ్డ పన్నెండు తానులు, ఎర్ర టోపీ ముసుగులు నాలుగు, టోపీలు ఆరు, పగడాల దండలు నాలుగు, చేతులు కడుక్కునే గిన్నెలు ఆరు, ఒక పెట్టె పంచదార, రెండేసి పీపాల నూనె, తేనె. రాజుగారి మనుషులు చూసి పకపకా నవ్వారు. మక్కా నుంచి వచ్చే చిల్లర వ్యాపారి కూడా ఇంతకంటే మంచివి ఇస్తాడన్నారు. మిరియాలూ, పట్టూ, ముత్యాలూ కుప్పలు పోసుకున్న రేవులో ఆరు చెంబులు పెడితే నవ్వరా మరి! ఈ అవమానం అతని మనసులో ఎంత కాలం ఉందో నాకు తెలీదు గానీ, రెండోసారి మాత్రం చెంబులు తేలేదు, ఫిరంగులు తెచ్చాడు.

ఫార్వర్డుల్లో కనబడని సంవత్సరం అదే, 1502. ఇరవై దాకా ఓడలతో వచ్చాడు. మలబారు తీరానికి చేరువలో మక్కా యాత్ర నుంచి తిరిగొస్తున్న మీరీ అనే ఓడ దొరికింది. ఆడవాళ్ళూ పిల్లలతో సహా వందల మంది ఉన్నారందులో. కాలికట్ సంపన్న వర్తకుడొకాయన కూడా ఉన్నాడు, తమని వదిలేస్తే ఎంత ఇస్తానో బేరం పెట్టాడు. గామా ఒప్పుకోలేదు. సరుకు దింపించుకున్నాడు, ఆయుధాలు లాక్కున్నాడు, మనుషుల్ని లోపలే ఉంచి నిప్పు పెట్టించాడు. వాళ్ళు మంటలు ఆర్పుకున్నారు. ఆడవాళ్ళు ఒంటి మీది నగలు ఊడదీసి చూపించారు, చంటిపిల్లల్ని చేతులతో పైకెత్తి చూపించారు. అతను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. చేతికందిన రాయీ కర్రా పట్టుకుని రోజుల తరబడి పోరాడారు, చివరికి ఓడతో పాటు కాలిపోయారు. అక్కణ్ణుంచి కాలికట్ వెళ్ళి, ఊళ్ళోని ముస్లిం వర్తకులందర్నీ వెళ్ళగొట్టమని జామోరిన్‌ని అడిగాడు. ఈ రేవు అందరిదీ, కుదరదని ఆయన అన్నాడు. దానికి జవాబుగా ముప్పైమందికి పైగా జనాన్ని పట్టి ఓడల కొయ్యలకి ఉరితీశారు. వాళ్ళలో ఎక్కువమంది చేపలు పట్టుకుని బతికే బెస్తవాళ్ళు. వాళ్ళ కాళ్ళూ చేతులూ తలలూ కోసి, పడవలో వేసి, ఒక ఉత్తరం జతచేసి ఒడ్డుకి పంపారు. తర్వాత ఊరి మీద ఫిరంగులు పేల్చారు.

ఇది రాయగానే గ్రూపులో మా పెద్దాయన ఒకరు (ఆయనంటే నాకు గౌరవం, రిటైరైన మాస్టారు) అన్న మాట ఇది: "ఆ కాలంలో అందరూ అంతేనయ్యా. ఇప్పటి కొలబద్దతో అప్పటివాళ్ళని కొలవకూడదు."

వినడానికి ఎంత న్యాయంగా ఉందో! కానీ మాస్టారూ, మీరీ సంగతి మనకి చెప్పింది ఎవరనుకున్నారు? మలయాళీ కవి కాదు, ఈనాటి ప్రొఫెసరూ కాదు. తొమే లోపెస్ అని, అదే నౌకాదళంలో వచ్చిన పోర్చుగీసువాడు. కళ్ళారా చూసి, ఆ క్రూరత్వాన్ని దాచకుండా, బతికున్నంత కాలం మర్చిపోలేని రోజని రాసుకున్నాడు. 1502 మనిషే, అదే దేశం, అదే మతం. అతనికి తప్పనిపించింది. కొలంబస్ సంగతీ అంతే. కరీబియన్ సముద్రంలోని హిస్పానియోలా దీవిలో అతని పాలన మీద ఫిర్యాదులు ముదిరితే, 1500లో బోబడిల్లా అనే అధికారి వచ్చి సంకెళ్ళు వేసి స్పెయిన్‌కి పంపించాడు. ఆ దీవుల జనానికి జరిగినదంతా వరసగా రాసిపెట్టిన స్పెయిన్ మతగురువు లాస్ కాసాస్ కూడా ఆ కాలంవాడే, ఒకప్పుడు ఆ జనం చేత వెట్టి చేయించుకున్నవాడే. ఇక "ఆ కాలంలో అందరూ" అంటే ఎవరండీ? కాలిపోతున్న ఓడలో ఉన్నవాళ్ళు ఆ కాలం మనుషులు కారా? వాళ్ళ అభిప్రాయం అడిగితే ఏం చెప్పేవాళ్ళో ఊహించడానికి చరిత్రలో డాక్టరేట్ అక్కర్లేదు.

మన గడ్డ మీద సాక్ష్యం కూడా ఉంది, చాలామందికి తెలియనిది. గామా రావడానికి రెండున్నర శతాబ్దాల ముందు, 1244లో, కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఒక అభయ శాసనం వేయించాడు. సముద్రం మీద తిరిగే వర్తకులకి ఇచ్చిన హామీ అది. తుఫానుకి ఓడ పగిలి తీరానికి కొట్టుకొస్తే పూర్వపు రాజులు అందులోని సరుకంతా లాగేసుకునేవారు, మేం మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా ఎవరిది వాళ్ళకే వదిలేస్తాం అని రాతి మీద చెక్కించాడు. ప్రాణాల కంటే ధనం ఇష్టమై ఇంత సాహసం చేసి సముద్రం దాటి వచ్చేవాళ్ళు కదా అని దయ తలచిన మాటలున్నాయందులో. ఏ సరుకుకి ఎంత సుంకమో పట్టీ కూడా ఉంది. గణపతిదేవుడు సాధువేం కాదు, బోలెడు యుద్ధాలు చేశాడు, సుంకం వస్తుందనే లెక్క ఉండే ఉంటుంది. సరే, లెక్కే అనుకుందాం. అయినా దూరం నుంచి వచ్చిన ఓడని కొల్లగొట్టకూడదన్న ఆలోచన ఆ కాలం మనుషుల తలల్లో ఉందని ఆ రాయి చెబుతోంది కదా. అదే శతాబ్దంలో మార్కోపోలో మన తీరం గురించి రాశాడు, ఇక్కడి రాణి పాలననీ సాలెగూడులాంటి సన్నని బట్టనీ పొగిడాడు. ఎవర్నీ కాల్చలేదు.

పోర్చుగీసువాళ్ళు వచ్చాక మారింది అదే. హిందూ మహాసముద్రంలో వర్తకం చేసే ఓడ వాళ్ళ దగ్గర కార్తాజ్ అనే చీటీ కొనుక్కోవాలి. లేకపోతే సరుకు వాళ్ళది, ఓడ సముద్రానిది. ఊరుమ్మడి దారి మీద ఎవడో వచ్చి టోల్‌గేటు పెట్టి, రసీదు లేని బండిని తగలబెట్టినట్టు. దీన్నే ఫార్వర్డులో "ప్రపంచ వాణిజ్యానికి నాంది" అని రాస్తారు.

ఇంకో వాదన మిరపకాయది. "వాళ్ళు రాకపోతే నీకు ఆవకాయ ఎక్కడిదోయ్?" అని ఒక మిత్రుడు. నిజమే, మిరప అమెరికా ఖండాలది. పోర్చుగీసువాళ్ళ ఓడల్లో ఇక్కడికి వచ్చింది. జీడిమామిడి, బొప్పాయి, జామ, వేరుశనగ, అన్నీ అటు నుంచి వచ్చినవే. గుంటూరు యార్డులో నిలబడి ఇది కాదనడం కష్టం. కానీ విత్తనం ఓడ ఎక్కడానికి బెస్తవాళ్ళ చేతులు నరకాల్సిన పనేముంది? చైనా నుంచి పట్టు, అరేబియా నుంచి గుర్రాలు, ఇండోనేషియా దీవుల నుంచి లవంగాలు అంతకు ముందు వందల ఏళ్ళు ప్రయాణం చేశాయి, బేరాలాడుకుంటూ. మిరప కూడా వచ్చేది, ఒక యాభై ఏళ్ళు ఆలస్యమయ్యేదేమో. అయినా మిరపని మచ్చిక చేసి పంటగా మార్చింది మెక్సికో, పెరూ వైపు ఆదిమ జాతులవాళ్ళు. ఆవకాయ తిని దండం పెట్టాలనిపిస్తే అటు తిరిగి పెట్టండి, నేనూ పెడతా.

ఇక్కడికొచ్చేసరికి గోదావరి జిల్లాలవాళ్ళు "మరి కాటన్ దొర?" అంటారు. అసలైన ప్రశ్న ఇదే, తేలిగ్గా దాటేయలేం.

1821లో ఆ జిల్లా జనాభా 7 లక్షల 38 వేలు. 1841కి 5 లక్షల 61 వేలకి పడిపోయింది. మధ్యలో డొక్కల కరువొచ్చింది, తుఫాన్లొచ్చాయి. కంపెనీ శిస్తు మాత్రం అడుగుతూనే ఉంది. అలాంటి చోట ఆర్థర్ కాటన్ ఆనకట్ట కావాలని పైవాళ్ళతో పోరి, 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం దగ్గర కట్టించాడు. డెల్టా పచ్చబడింది. రైతులు ఊరూరా విగ్రహం పెట్టుకున్నారు, స్నాన సంకల్పంలో భగీరథుడని తలుచుకునే శ్లోకమూ ఉంది. ఆ విగ్రహాలు ఏ గవర్నరూ జీవో ఇచ్చి పెట్టించినవి కావు. (పక్కనుండి పని నడిపించిన వీణెం వీరన్న పేరు అందులో పదోవంతు మందికైనా తెలిస్తే బాగుండేది. అది వేరే ఏడుపు.) కంపెనీ డబ్బు పెట్టింది శిస్తు పెరుగుతుందనే. అది తెలిసే రైతు ఆ మనిషికి దండం పెట్టాడు, కంపెనీకి పెట్టలేదు. నాకు ఆ తేడా చాలు.

కానీ ఆ పక్కనే కొండెక్కి చూడండి. 1882 అడవి చట్టం వచ్చి పోడు కొట్టుకునేవాణ్ణి దొంగని చేసింది. నర్సీపట్నం వైపు ఘాట్ రోడ్డు పనికి బాస్టియన్ అనే డిప్యూటీ తాసీల్దారు కొండవాళ్ళని తోలి, కూలి ఎగ్గొట్టి, కొట్టించాడు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట జనం ఊరికే నడవలేదు. ఒకే ప్రభుత్వం. కింద కాలువ, పైన కొరడా. డెల్టా రైతు కృతజ్ఞత నిజం, కొండదొరల కోపమూ నిజం. కాటన్‌ని చూపించి వలస పాలనంతటికీ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు ఘాటెక్కరు. తెల్లవాళ్ళందర్నీ ఒకే గాటన కట్టేవాళ్ళు ధవళేశ్వరం దిగరు.

గామాకి వస్తే, అతని విగ్రహం గోవాలో ఎవరు పెట్టారో తెలుసా? పాత గోవాలో వైస్రాయి ద్వారం మీద ఉంది. పెట్టించింది అతని మునిమనవడు, అప్పటి వైస్రాయి. కాలికట్ బెస్తలు చందాలేసుకుని పెట్టలేదు. మేలు పొందినవాడు తనంతట తను పెట్టే దండం వేరు, కొట్టినవాడి వారసులు దెబ్బతిన్నవాడి ఊళ్ళో నిలబెట్టే బొమ్మ వేరు. 1998లో 500 ఏళ్ళు నిండినప్పుడు పండగ చేద్దామా అన్న మాట వస్తే కేరళలో, గోవాలో జనం అడ్డం తిరిగారు. సరిగ్గా చేశారు. అదే ఏడాది లిస్బన్‌లో 17 కిలోమీటర్ల వంతెనకి అతని పేరు పెట్టుకున్నారు. వాళ్ళ దేశం, వాళ్ళ వంతెన, వాళ్ళిష్టం. మనం ఎందుకు చప్పట్లు కొట్టాలి అన్నదే నా ప్రశ్న.

విగ్రహాలు పగలగొట్టమనడం లేదు. ఊళ్ళ పేర్లు మార్చడం మీద నాకు మోజు అసలే లేదు. విజయవాడ, గుంటూరు మీదుగా పోయే అమరావతి ఎక్స్‌ప్రెస్ చివరి స్టేషన్ పేరు వాస్కోడగామా. ఉండనివ్వండి, పేరు మార్చి పని అయిపోయిందనుకునే రోగం మనకి ఇప్పటికే ఎక్కువుంది. కాలికట్ దగ్గర కాప్పాడ్‌లో అతను దిగిన చోటని ఒక రాయి ఉంది, 1498 అని ఒక్క ముక్క రాసి. దాని పక్కన 1502 అని ఇంకో రాయి పెడితే చాలు. బడి పుస్తకంలో ఒక్క మార్కు బిట్టుగా గామాని బట్టీ పట్టించే బదులు, మీరీ గురించి నాలుగు వాక్యాలు రాయండి. అమెరికాలో మన పిల్లలకి అక్టోబరు రెండో సోమవారం కొన్నిచోట్ల కొలంబస్ డే, కొన్నిచోట్ల ఆదిమవాసుల దినం. ఏ పేరుతో సెలవిచ్చినా, ఆ దీవుల్లో ఏం జరిగిందో ఇంట్లో కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు ఎంతమంది?

కామెంట్లలో కత్తులు నూరుతున్నవాళ్ళకి నేనే ఒకటి అందిస్తా. రాజేంద్ర చోళుడు 1025 ప్రాంతంలో ఓడలేసుకుని వెళ్ళి సుమత్రా, మలయా వైపు శ్రీవిజయ రాజ్యపు రేవుల్ని కొల్లగొట్టి, "కడారం కొండాన్" (కడారం గెలిచినవాడు) అని బిరుదు తగిలించుకున్నాడు. 2025లో గంగైకొండ చోళపురంలో దానికి వెయ్యేళ్ళ పండగ చేశాం, నాణెం కూడా విడుదల చేశాం. గామాని తిట్టిన నా మిత్రులే ఆ రోజు స్టేటస్‌లు పెట్టారు, మన నౌకాదళ వైభవం అని. చోళులు అక్కడ నాలుగు శతాబ్దాలు తిష్ట వేయలేదు, చీటీలు అమ్మలేదు, నిజమే. కానీ ఆ రేవుల్లో దోపిడీకి గురైనవాళ్ళు దాన్ని వైభవం అనుకుని ఉండరు. కాబట్టి ఆ నాణెం చూసి కూడా నేను చేతులు జోడించలేదు. ఇప్పుడు రండి, తిట్టుకుందాం.