ఆ చివరి వరుసలో నిలబడ్డ పెద్దాయన

ఈమధ్య ఒక వ్యాసం చదివాను. కల్యాణ మండపానికి భారీ విరాళాలిచ్చిన వారిని సన్మానించడం సమాజానికి మంచిదని వ్యాసకర్త అందులో రాశారు. కాదనను. డబ్బు పెట్టే చెయ్యి లేకపోతే బడి గోడా లేవదు. కానీ మన కళ్లకు ఆ చెయ్యి ఒక్కటే కనిపిస్తోందని నా బాధ.

మాది కోనసీమలో గోదావరి పాయల నడుమ ఉన్న లంక గ్రామం. 1986 ఆగస్టు వరదలో మా అమ్మనూ, ఆమె ఒడిలోని నన్నూ గట్టుకు చేర్చింది ఒక పడవ మనిషి. ఆ రాత్రి ఎన్నిసార్లు ఏరు దాటారో ఆయనే లెక్కపెట్టుకోలేదట. రేవు కూలి అడగలేదు. మొన్న సంక్రాంతి సభలో ఆయన చివరి వరుస వెనుక, కొబ్బరి చెట్టుకు ఆనుకుని నిలబడ్డారు. గెడ వేసి వేసి కాయలు కాచిన అరచేతులు. వేదిక మీద పదకొండు శాలువాలు కప్పారు, ఆయన పేరు ఎవరికీ గుర్తు రాలేదు.

ఇదే గడ్డ మీద లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) వేళ కాని వేళ వచ్చిన బాటసారికీ అన్నం వండి పెట్టారు. గోదావరి పాయ మీదుగా కాలువను దాటించే గన్నవరం అక్విడక్టుకు ఆమె పేరు పెట్టుకున్నాం. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టను కట్టించిన కాటన్ దొర విగ్రహానికి రైతులు ఈనాటికీ దండ వేస్తారు. ఇంత కృతజ్ఞత తెలిసిన జనం మనం!

వచ్చే ఆదివారం పంచెల చాపు తీసుకుని ఆ పెద్దాయన ఇంటికి వెళ్తున్నాను. అమ్మ కూడా వస్తానంది.