సగటు వెనక దాక్కున్న ఇళ్లు

'మీరు పౌరులేనా?' అనే ప్రశ్న పెట్టినా 2020 అమెరికా జనాభా లెక్కలకు నష్టమేమీ ఉండేది కాదని, మహా అయితే ఆ గడి ఖాళీగా ఉండేదని, 2019లో జరిపిన ప్రయోగమే అందుకు రుజువని ఒక వ్యాసంలో రాశారు. అంకెలు నిజమే. ప్రశ్న ఉన్న ఫారానికి 51.5 శాతం ఇళ్లు స్పందించాయి, లేనిదానికి 52 శాతం. కానీ అది సగటు అండీ! పౌరులు కానివాళ్లు, హిస్పానిక్ జనం (లాటిన్ అమెరికా, స్పెయిన్ మూలాలున్నవాళ్లు) ఎక్కువున్న చోట్ల స్పందన తగ్గిందని ఆ ప్రయోగం నివేదికలోనే ఉంది. భయం ఎవరికో వాళ్లే కదా ఫారం పక్కన పడేసేది.

నింపిన ఫారం తిరిగి రాకపోతే ఎన్యూమరేటర్, అంటే లెక్కలు రాసుకునే ఉద్యోగి, వచ్చి తలుపు కొడతాడు. ఎన్నిసార్లు తిరిగినా తీయకపోతే పక్కింటివాళ్లని అడిగి రాసుకుంటాడు. 'ఎంతమంది ఉంటారు?' అంటే 'నలుగురనుకుంటా' అంటారు వాళ్లు. ఐదో మనిషి, అందులోనూ చంటిపిల్ల అయితే మరీ, లెక్కలోంచి జారిపోయేది సరిగ్గా అక్కడే.

బ్రిటన్ చూడండి. 2001లో మతం ప్రశ్న పెట్టి, ఇష్టమైతేనే జవాబివ్వమన్నారు. ఇంగ్లండ్, వేల్స్‌లో 7.7 శాతం మంది విషయంలో ఆ జవాబు రాలేదు. అయినా మనుషులు మాత్రం లెక్కలోకి వచ్చారు. గడి ఖాళీగా ఉండటం వేరు, ఇల్లే లేకుండా పోవడం వేరు. వ్యాసకర్త రెండింటినీ ఒకే గాటన కట్టేశారు.